టోక్యో వెళ్తున్నారా? ఇవి కొంగున ముడేసుకోండి

మా అబ్బాయి ఉద్యోగం టోక్యోలో. వాడి పుణ్యమా అని మండపేట నుంచి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి చేతి చమురు బాగానే వదిలింది. రెండోసారి సగం ఖర్చుతో రెట్టింపు చూశాను. ఇప్పుడు మన వీధిలో ఎవరికి జపాన్ వీసా వచ్చినా ముందు మా అరుగు మీదకే వస్తున్నారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నా.

1. పెట్టెలో ఆవకాయ, పూతరేకులు పెట్టుకోండి గానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా అక్కడ రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లదీ అదే గతి.

2. ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా వాళ్లకి వరస సెలవులు, గదుల రేట్లు సంక్రాంతి బస్సు టికెట్లలా మండిపోతాయి. జులై, ఆగస్టుల్లో అచ్చం మన గోదావరి ఉక్కపోతే; దానికి విమానం ఎక్కడం దేనికి? చెర్రీ పూలు కావాలంటే మార్చి చివర బయల్దేరండి.

3. బస నిషి కసాయ్ వైపు చూసుకోండి. మన ఇండియా వాళ్లు ఎక్కువగా ఉండే పేట, పప్పులూ మసాలాలూ దొరుకుతాయి; తోజాయ్ లైన్ ఎక్కితే బండి మారకుండా ఊరి నడిబొడ్డున దిగుతారు.

4. దిగగానే సుయికా గానీ పాస్మో గానీ ఒక కార్డు తీసుకుని డబ్బు వేయించుకోండి. రైలుకీ బస్సుకీ సెవెన్ ఇలెవెన్ లాంటి కొట్లకీ అదే కార్డు తాకిస్తే చాలు, టికెట్ మిషన్ దగ్గర తల గోక్కునే పని ఉండదు.

5. ఆరేళ్లు నిండని పిల్లలకి, పెద్దవాళ్లు ఒకరికి ఇద్దరు చొప్పున, రైలు టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పదకొండేళ్ల దాకా సగమే.

6. పొద్దున్న ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య రైలెక్కకండి, నలిగిపోతారు. అర్ధరాత్రి దాటితే రైళ్లు ఆగిపోతాయి. టాక్సీ ఎక్కారంటే మంచి చీర ఖరీదు పోయినట్టే.

7. ఊరంతా పైనుంచి చూడాలంటే షింజుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తుకి వెళ్లండి. 202 మీటర్ల ఎత్తు, పైసా టికెట్ లేదు. 634 మీటర్ల స్కైట్రీతో ఫొటో కింద నుంచి దిగినా బాగానే వస్తుంది.

8. అసకుసాలో సెన్సోజీ గుడికి ఎనిమిది లోపే చేరుకోండి. ఆ పెద్ద ఎర్ర లాంతరు కింద జనం లేకుండా ఫొటో దొరుకుతుంది, గుడి ముందు నకమిసే కొట్లు ఇంకా తెరవరు కాబట్టి పర్సూ క్షేమం.

9. అక్కడి నుంచి కాస్త నడిస్తే మత్సుచియామా షోదెన్ అని చిన్న గుడి. అక్కడున్నది కాంగితెన్, అంటే మన వినాయకుడే! విగ్రహం చూపించరు, నైవేద్యం ముల్లంగి. ఉండ్రాళ్ల స్వామికి ముల్లంగేమిటా అని నాకిప్పటికీ వింతే. ఉయెనోలో చెరువు మధ్య గుడిలో ఉన్న బెంజైతెన్ మన సరస్వతి. రెండు చోట్లా టికెట్ లేదు.

10. గుడి లోపలికీ కొన్ని హోటళ్లలోకీ చెప్పులు విప్పాలి. లేసుల బూట్లు మానేసి తేలిగ్గా విడిచేవి వేసుకోండి, చిల్లుల్లేని మేజోళ్లు తొడుక్కోండి.

11. స్టేషన్లలో టాయిలెట్లు శుభ్రం, డబ్బులడగరు. అయితే నీళ్లు చిమ్మే బటన్ నొక్కే ముందు ఆపే బటన్ ఏదో చూసుకోండి. నేను చూసుకోక తల దాకా తడిశాను. చేతిరుమాలు ఉంచుకోండి, చేతులు తుడుచుకోవడానికి అన్నిచోట్లా ఏమీ ఉండవు.

12. వీధుల్లో చెత్తబుట్ట కనబడటం గగనం. 1995లో మెట్రో రైళ్లలో విషవాయువు వదిలిన ఘోరం తరవాత చాలా చోట్ల తీసేశారు. సంచిలో ఒక కవరు వేసుకెళ్లండి.

13. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఖాళీ సీసా పట్టుకెళ్తే రోజూ నీళ్ల ఖర్చు మిగులుతుంది.

14. శాకాహారులైతే సూపులూ నూడుల్సూ కూరగాయలవే కదా అని నమ్మకండి, చాలావాటికి చేపల రసమే ఆధారం. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బా కట్టుకుంటే పూట గడుస్తుంది.

15. వండి అమ్మే పదార్థాల మీద సూపర్‌మార్కెట్లు రాత్రి మూసే ముందు తగ్గింపు చీటీలు అంటిస్తాయి. సగం ధర చీటీని 'హంగాకు' అంటారు; ఆ ఒక్క జపాన్ మాట నేర్చుకుంటే చాలు.

16. మన ద్వారపూడి బట్టల కొట్లలోలా బేరం ఆడబోకండి, రాసిన ధరే ధర. ఉయెనోలో రైలు పట్టాల పక్క ఉండే అమెయోకో బజారులో మాత్రం కాస్త అడిగి చూడొచ్చు. హోటల్లో టిప్పు ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు.

17. ఒకే కొట్లో ఒకే రోజు 5000 యెన్లు దాటి కొంటే టూరిస్టులకి పన్ను మినహాయింపు ఉంది, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 2026 నవంబరు 1 నుంచి ముందు పన్నుతో కట్టి, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో వెనక్కి తీసుకోవాలి. రసీదులు పారేయకండి.

18. రైస్ కుక్కర్ మోజులో పడకండి. బియ్యం మిల్లుల ఊరిదాన్ని కదా, ముచ్చటపడి ఒకటి మోసుకొచ్చాను. ప్లగ్గు పెట్టిన నిమిషానికే పొగ! వాళ్ల కరెంటు 100 వోల్టులు, మనది 230. కొంటే విదేశాలకని చేసినది, వెనక 220 - 240 అని రాసి ఉన్నదే కొనండి. ఫోను చార్జర్‌కి బల్లపరుపు రెండు పిన్నుల అడాప్టర్ ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.

19. డబ్బు పెట్టి కొనదగ్గది వంటింటి కత్తి. కప్పబాషి వీధి నిండా వంటసామాన్ల కొట్లే, ఉల్లిపాయ కోస్తే వెన్నలా దిగుతుంది. చేతిసంచిలో పెట్టారా, ఎయిర్‌పోర్టులో వదిలేసుకోవాల్సిందే. పెద్ద పెట్టెలోనే పెట్టండి.

20. ఇరుగుపొరుగు వాళ్లకి కానుకలన్నీ డైసోలో తేల్చేయండి. చాలా వస్తువులు 100 యెన్లే, పది శాతం పన్నుతో 110. ధర విడిగా వేసినవి మాత్రం చూసుకోండి. అక్కడి కూరగాయల తొక్క తీసేది భలే ఉంటుంది. నాది అరిగిపోయింది, మీరొచ్చేటప్పుడు ఒకటి తెచ్చిపెట్టండి.