కెమెరాను బోర్లించి చూడు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

లైకా ఎం6 కొన్నావని తెలిసి సంతోషించాను. గ్రిప్ ఏది కొనాలి, వైండర్ ఏది కొనాలి అంటూ ఉత్తరంలో రెండు పేజీలు నింపావు. ఏ ఫిల్ము వేస్తున్నావో మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. సరే, అడిగినదానికే జవాబు చెబుతాను.

ముందు ఆ కెమెరాను బోర్లించి చూడు. గ్రిప్ బిగించేది ట్రైపాడ్ మర దగ్గర. ఫిల్మును జరిపే వైండర్ కూర్చునేది బేస్‌ప్లేటు తీసేసిన చోట. ఫిల్ము మార్చాలన్నా విప్పాల్సింది ఆ అడుగే. అంటే ఏది తగిలించినా 36 ఫ్రేములకోసారి దాన్ని ఊడదీసి మళ్లీ బిగించాలి. ఏ పెళ్లిలోనో తలంబ్రాలు పోస్తుంటే నువ్వు మండపం వెనకాల చతికిలబడి మర తిప్పుకుంటూ ఉంటావు. పోనీ రోలు సగంలో ఉండగా వైండర్ తగిలిద్దామా అంటే, అడుగు తీయగానే వెలుగు దూరి తీసిన ఫ్రేములు కొన్ని పాడైపోతాయి. తోలు రంగు, చెక్క నునుపు ఇవన్నీ తర్వాతి సంగతి. కొనబోయే వస్తువు ఎంత త్వరగా ఊడి వస్తుందో, ఎంత త్వరగా కూర్చుంటుందో చూసుకో.

గ్రిప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీ బాడీ 600 గ్రాములకు కాస్త తక్కువే. 50 ఎం.ఎం. సమ్మిక్రాన్ లెన్సు మరో పావుకిలో. ఇంతమాత్రానికి గ్రిప్ ఎందుకు? బరువంతా ఎడమ అరచేతిలో ఉండాలి. కుడిచెయ్యి కెమెరాను కదలకుండా పట్టుకుంటే చాలు. ఫిల్ము లీవరును కొంచెం బయటికి లాగి వదిలితే అక్కడే ఆగుతుంది చూడు, ఆ సందులో బొటనవేలు ఆనించు. డిజిటల్ ఎం కెమెరాలకు లీవరు ఉండదు కాబట్టి వాళ్లు ఫ్లాష్ షూలో బొటనవేలి గ్రిప్ కొని పెట్టుకుంటున్నారు. నీకది కెమెరాతోనే వచ్చింది. రేపు నోక్టిలక్స్ 0.95 లాంటి లెన్సు చేతికొస్తే మాట వేరు. అది 700 గ్రాములు, బాడీ కన్నా బరువు. ముందుకు తూగుతుంది. అప్పుడు గ్రిప్ తప్పక కొను. తోలు హాఫ్‌కేసు మోజు ఉంటే ఉండనీ, కానీ విశాఖ తేమలో కెమెరాను నెలల తరబడి తోలు సంచిలోనే ఉంచకు. తోలుకు పట్టిన బూజు లెన్సుకూ పడుతుంది.

ఇక వైండర్. ఇదొక్కటీ జాగ్రత్తగా చదువు.

వీటిలో రెండు రకాలు. ఒకటి బ్యాటరీ మోటారు. రెండోది అడుగున మడతపెట్టే మీటను ఎడమచేతి వేళ్లతో లాగితే ఫిల్ము జరిగేది. ఈ మీట రకం 1930లలోనే వచ్చింది, లైకావిట్ అనే పేరు దానికి తర్వాత వచ్చింది. 1956లో పత్రికా ఫొటోగ్రాఫర్ల కోసం ఎంపీ అనే మోడల్‌ను దీనితో కలిపి చేశారు గానీ, అవి ఐదు వందలు కూడా లేవు. మామూలు లైకా ఎం3కి మోటారు అందుకునే ఏర్పాటే లేదు. కెనడాలోని మిడ్‌లాండ్‌లో 1970ల చివర తయారైన ఎం4-2తోనే అది అందరికీ దక్కింది. నీ ఎం6 ఆ తర్వాతిదే కాబట్టి ఆ చింత లేదు. అయినా పాత వైండర్లన్నీ అన్ని బాడీలకూ సరిపోతాయని నమ్మకు. నీ కెమెరాకు తగిలించి, ఫిల్ము లేకుండా పది సార్లు నొక్కి చూశాకే డబ్బు తియ్యి. వాంకూవర్‌లో ఉండిన టామ్ అబ్రహామ్‌సన్ చేసిన రాపిడ్‌వైండర్ కూడా మీట రకమే. ఎక్కడైనా కనిపిస్తే వదలకు.

మోటారు నాకు నచ్చదు. ఎంతో నెమ్మదిగా పలికే షటరు కోసం అంత డబ్బు పోసి, దాని కింద గిర్రుమనే యంత్రం తగిలించడం నా బుర్రకు ఎక్కదు. లైకా వాళ్ల మోటార్-ఎం సెకనుకు మూడు ఫ్రేములు లాగుతుంది. అంటే పన్నెండు సెకన్లలో రోలు ఖాళీ. అంత తొందరే ఉంటే కొనికా హెక్సార్ ఆర్‌ఎఫ్ కొనాల్సింది, దాని మోటారు లోపలే ఉంటుంది.

మీట రకం అవసరమా అన్నది నీ కంటిని బట్టి ఉంటుంది. ఈ కెమెరాకు చూసే కిటికీ ఎడమ కొసన ఉంది. కుడికన్నుతో చూసేవాడికి ఎడమకన్ను ఖాళీగా ఉండి వీధంతా కనిపిస్తుంది, బొటనవేలు చెంప పక్కనే తిరుగుతుంది, ఇబ్బంది లేదు. ఎడమకన్నుతో చూసేవాడికి కెమెరా మొహానికి అడ్డంగా వచ్చి కుడికన్నును మూసేస్తుంది. లీవరు లాగినప్పుడల్లా బొటనవేలు ఆ కంట్లోకే పోతుంది. ప్రతి ఫ్రేముకూ కెమెరా దించాలి, మళ్లీ ఎత్తాలి, మళ్లీ ఫ్రేము కట్టుకోవాలి. అలాంటివాడికి మీట వైండర్ సోకు కాదు, అవసరం. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. లెన్సును ఫోకస్ చేసేదీ, మీట లాగేదీ ఎడమచెయ్యే. మీటను పక్కకు లాగగానే ఫ్రేము కాస్త జరుగుతుంది. వేలితో తోసే ట్యాబ్ ఉన్న 35 ఎం.ఎం. లెన్సైతే త్వరగా అలవాటవుతుంది. రోలు చివర మీట బిగుసుకుంటే బలవంతంగా లాగకు. కౌంటరు చూసి రీవైండ్ చెయ్యి.

నువ్వు ఏ కంటితో చూస్తావో ఉత్తరంలో రాయలేదు. కుడికన్నైతే ఆ వైండర్ డబ్బుతో ఇరవై రోళ్లు కొను. ఎడమకన్నైతే ఫోన్ చెయ్యి. ఒక పాత రాపిడ్‌వైండర్ అమ్మకానికి ఉందని విన్నాను, కలిసి వెళ్లి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న