చిన్న తేడా దగ్గరే ఆగండి

సోఫాలో కూర్చునే "దారిలో ఉన్నా, పది నిమిషాల్లో వచ్చేస్తా" అంటారు. ఆటోకి 120 రూపాయలైతే ఆఫీసు క్లెయిమ్‌లో 200 రాస్తారు. జూనియర్ చేసిన స్లైడ్స్‌ని మీవిగా చూపిస్తారు.

మీరు చెడ్డవాళ్లా? కానే కాదు. మంచి పేరున్నవాళ్లు. అందుకే ఈ మాట మీకు చెబుతున్నా. "ఇంత మంచి చేస్తున్నాం, ఈ కాస్తకేముంది" అనే ధీమా మంచి పేరున్నవాళ్లకే ఎక్కువ.

సత్యం కంప్యూటర్స్‌ని గుర్తు చేసుకోండి. 1987లో మొదలైన ఆ కంపెనీ, దాన్ని పెట్టిన రామలింగరాజు ఒక తరం తెలుగు యువతకి ఆదర్శం. 2005లో హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సర్వీసుకి పునాది వేసిందీ ఆయనే. ఆ నంబరు ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో! ఆ మంచితనం నటన అని నేననుకోను. అయినా 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ ఆయన రాసిన లేఖ దేశాన్ని కుదిపేసింది. లెక్కల్లో చూపిన క్యాష్, బ్యాంక్ బ్యాలెన్సుల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు.

మీరు చూడాల్సింది ఆ అంకె కాదు. అసలు లాభానికీ, చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చాలా చిన్నదని ఆయనే రాశారు. కంపెనీతో పాటే ఆ తేడా కూడా ఏళ్ల తరబడి పెరిగింది. తొలినాళ్లలోనే "ఈసారి లాభం తగ్గింది" అని ఒప్పుకుని ఉంటే? షేరు ధర కొన్నాళ్లు పడేది. 2015లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు శిక్ష వేసేదాకా వచ్చేది కాదు.

మెదడు కూడా ఈ జారుడుకి అలవాటు పడుతుంది. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూశారు. సొంత లాభం కోసం అబద్ధమాడే కొద్దీ, భావోద్వేగాలకి స్పందించే అమిగ్డాలా అనే మెదడు భాగం చురుకు తగ్గింది. అది ఎంత తగ్గితే తర్వాతి అబద్ధం అంత పెద్దదైంది. మొదటిసారి లోపల ఏదో గుచ్చుకుంటుంది చూశారూ, అదే మీ ఆస్తి. దాన్ని మొద్దుబారనివ్వకండి.

ఎలా?

1. గుచ్చుకున్న రోజే సరిదిద్దండి. "ఇంకా బయల్దేరలేదు, అరగంట పడుతుంది." ఒక్క మెసేజ్ చాలు. "ఈ స్లైడ్స్ తను చేసినవి" అని అదే మీటింగ్‌లో, అందరి ముందూ చెప్పండి. అకౌంట్స్ వాళ్లకి ఫోన్ చేసి క్లెయిమ్ మార్పించండి. ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి. ఆ ఇబ్బందే రెండోసారి మిమ్మల్ని ఆపుతుంది.

2. సాకుల్ని పసిగట్టండి. "అందరూ చేసేదేగా", "ఈ ఒక్కసారికే", "ఎవరికి నష్టం?" వీటిలో ఏది నోటికొచ్చినా ఆగిపోండి.

3. మొహమాటం లేకుండా నిలదీసే మనిషి ఒకరుండాలి. జీవిత భాగస్వామి కావచ్చు, చిన్ననాటి స్నేహితులు కావచ్చు. వాళ్లు చెబుతుంటే మధ్యలో సమర్థించుకోకండి.

పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా అర్జెంట్. "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని ఎప్పుడైనా పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చారా? వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. "ఆరోజు నీతో అబద్ధం చెప్పించాను, అది నా తప్పు" అనండి. పెద్దవాళ్లు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం మన ఇళ్లలో అలవాటు లేదు. మీ ఇంట్లో మొదలుపెట్టండి. ఈ రాత్రి భోజనాలకి ముందే.