నిలిపివేసిన లారీని విడిపించుకోవడం ఎలా?

బ్యాంకు రుణంతో కొన్న లారీ తిరిగితేనే వాయిదా తీరుతుంది. పన్ను ఎగవేత అనుమానంతో అధికారులు దారిలో సరుకును, లారీని నిలిపివేస్తే కిరాయి ఆగిపోతుంది. వడ్డీ మాత్రం ఆగదు. సరుకు మీది కాకపోయినా నష్టం మీకే. కనుక కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం, 2017లోని 129వ సెక్షన్‌ను ప్రతి లారీ యజమానీ తెలుసుకొని ఉండాలి.

మొదటిది, గడువు. లారీని నిలిపివేసిన 7 రోజులలోగా అధికారి నోటీసు జారీ చేయాలి. నోటీసు అందిన నాటి నుండి 7 రోజులలోగా ఉత్తర్వు ఇవ్వాలి. మీ వాదన వినకుండా జరిమానా నిర్ణయించరాదు. డ్రైవరు వాంగ్మూలం, తనిఖీ నివేదిక, నిలిపివేత ఉత్తర్వు, నోటీసు ప్రతులను అందిన తేదీలు వేసి భద్రపరచండి.

రెండవది, జరిమానా. సరుకు యజమాని ముందుకు వస్తే పన్నుకు రెండింతలు చెల్లించాలి. 4,00,000 రూపాయల సరుకుపై 18 శాతం చొప్పున పన్ను 72,000 రూపాయలైతే, జరిమానా 1,44,000 రూపాయలు. యజమాని రాకపోతే సరుకు విలువలో సగం, పన్నుకు రెండింతలు అనే రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఈ నిబంధనలు 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్నాయి. బిల్లు సరుకు వెంట ఉంటే పంపినవారిని గాని, అందుకొనేవారిని గాని యజమానిగా భావించాలని 2018 డిసెంబరు నాటి సర్క్యులర్ చెబుతున్నది. అందువల్ల బిల్లు లేని లోడు ఎత్తవద్దు.

మూడవది, మీకు ముఖ్యమైనది. ఉత్తర్వు ప్రతి అందిన 15 రోజులలో జరిమానా చెల్లించకపోతే సరుకును గాని, వాహనాన్ని గాని అమ్మవచ్చు. అయితే ఆ జరిమానా లేదా 1,00,000 రూపాయలు, ఏది తక్కువైతే అది రవాణాదారు చెల్లిస్తే వాహనాన్ని విడుదల చేయాలని 129(6) నిర్దేశిస్తున్నది. ఇది కేంద్ర చట్టంలోని పరిమితి. రాష్ట్ర చట్టం కింద కోరిన మొత్తాన్ని కూడా నోటీసులో చూసుకోండి.

నగదు చేతిలో లేకపోతే బాండు, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి విడుదల కోరవచ్చు. గ్యారంటీకి మార్జిను, తనఖా అవసరం కాబట్టి నోటీసు అందిన రోజే మీ బ్రాంచికి రండి. ఉత్తర్వు న్యాయం కాదనుకుంటే 3 నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చు. అందుకు జరిమానాలో 10 శాతం ముందుగా చెల్లించాలి.

ఈ-వే బిల్లులో వాహనం నంబరు ఒకటి రెండు అంకెలు తప్పినంత మాత్రాన 129 కింద చర్య తగదని 2018 సెప్టెంబరు సర్క్యులర్ స్పష్టం చేసింది. అటువంటి పొరపాటుకు కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద 500 చొప్పున 1,000 రూపాయల జరిమానా చాలు. గడువు తీరిన ఈ-వే బిల్లు సంగతి వేరు. దారిలో ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుండి ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోండి.

లారీ బయలుదేరే ముందు కాగితాలు చూసుకోవడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలే మీ వాయిదాకు రక్ష.