స్కిజోఫ్రీనియా తగ్గి ఇంటికొచ్చిన మనిషితో

ఈ జబ్బు పెంపకం వల్ల రాదు. ఆ నింద ఎవరూ మోయక్కర్లేదు. తిరగబెట్టడంలో మాత్రం ఇంటి వాతావరణానికి వాటా ఉంది. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం గమనించింది ఇదే: ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకు, అద్దె గదుల్లో ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా తిరగబెట్టింది.

1. "పొద్దెక్కేదాకా పడకేనా, సోమరిపోతు!" అనకండి. లేవాలనిపించకపోవడం, స్నానం చేయకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా జబ్బు లక్షణాలే. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయంటే జబ్బని ఒప్పుకునే ఇల్లే, మంచం దిగకపోతే పొగరంటుంది. తిట్లు ఎక్కువగా పడేది ఇక్కడే. "కాఫీ పెట్టాను, తాగి మొక్కలకు నీళ్లు పొయ్యి నాన్నా" అని ఒక్క పని చెప్పండి. చేశాక బాగుందనండి. చేయకపోతే ఊరుకోండి, రేపు మళ్లీ చెప్పొచ్చు.

2. అతి గారాబమూ మంచిది కాదు. పాతికేళ్లవాడికి అన్నం కలిపి పెట్టడం, బాత్రూమ్ బయట కాపలా కాయడం, "నీకోసమే బతుకుతున్నా" అని ఏడవడం... పరిశోధకులు వీటినీ తిట్ల పక్కనే రాసుకున్నారు. అమ్మలకు మింగుడుపడని మాటే, తెలుసు.

3. తప్పులెంచే ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపినవాళ్లకు ఎక్కువగా తిరగబెట్టిందని 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు చూపారు. కాబట్టి కాసేపు ఎవరి దారిన వాళ్లుండండి. తండ్రి సాయంత్రం నడకకు, తల్లి గుడికి వెళ్లొచ్చు. అది బాధ్యత వదిలేయడం కాదు.

4. గొంతుల గురించి వాదించకండి, అవుననీ అనకండి. "నాకు వినపడట్లేదు గానీ నీకు భయంగా ఉన్నట్టుంది, కాసేపు కూర్చోనా?" చాలు.

5. మాత్ర గుర్తుచేసే పని ఒక్కరిదే. నలుగురూ "వేసుకున్నావా?" అంటే విసుగొస్తుంది. చారులో కలిపి ఇవ్వకండి. దొరికిపోయిన రోజు అన్నమ్మీద కూడా నమ్మకం పోతుంది. మానేస్తే డాక్టరుకు చెప్పండి.

6. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే బంధువుకు కాఫీ ఇచ్చి పంపించేయండి.

7. వరసగా నిద్ర పట్టకపోయినా, అనుమానాలు పెరిగినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416; రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానంటే ఫోన్లతో పొద్దుపుచ్చకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.