కారులో గడియారం ఆగింది

ఒక ఊళ్లో అక్కా తమ్ముడూ ఉన్నారు. తమ్ముడు పాత కారు కొన్నాడు. అద్దెకు తిప్పుతున్నాడు. కారు కొనడానికి అక్క పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఇచ్చింది. నెలనెలా కిస్తీ కట్టాలి. అందుకే బండికి పెట్టే ప్రతి రూపాయికీ లెక్క రాస్తారు. ఆ లెక్క రాసేది అక్కే. ఆమె ఈమధ్యనే చదువు నేర్చుకుంది.

ఒకరోజు కారులో గడియారం ఆగిపోయింది. స్టీరింగు ముందుండే డాష్‌బోర్డులో ఉంటుంది ఆ గడియారం. కారులో లోపలి లైటు కూడా వెలగడం లేదు.

“అక్కా, కొత్త గడియారం కొనాలి. డబ్బులియ్యి” అన్నాడు తమ్ముడు.

“గడియారమే పాడైందని నీకెట్లా తెలుసురా?” అంది అక్క.

“ఆగిపోయింది కదా!”

“ఇంట్లో బల్బు వెలగకపోతే వెంటనే కొత్త బల్బు కొంటామా? కరెంటు ఉందో లేదో ముందు చూస్తాం. ఇదీ అంతే.”

అక్క చెప్పింది నిజమే. కారు గడియారానికి కరెంటు ఎట్లా వస్తుందో తెలుసుకుందాం.

కరెంటు దారి

ఇంట్లో గోడ గడియారానికి సెల్ వేస్తాం. ఆ సెల్ 1.5 వోల్టులు. కారు గడియారానికి కారు బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. కారు బ్యాటరీ 12 వోల్టులు. బండి ఆపినా, తాళం తీసినా గడియారం నడవాలి. అందుకని దానికి ఎప్పుడూ కరెంటు వెళ్తూనే ఉంటుంది.

ఈ దారిలో ఫ్యూజు ఉంటుంది. ఇంట్లో మీటరు దగ్గర ఉండే ఫ్యూజు లాంటిదే ఇది. కరెంటు మితిమీరితే ఫ్యూజులోని సన్నని తీగ కరిగి తెగిపోతుంది. కరెంటు ఆగిపోతుంది. వైర్లు కాలకుండా ఉంటాయి. కొన్ని కార్లలో గడియారానికీ లోపలి లైటుకూ ఒకటే ఫ్యూజు ఉంటుంది. రెండూ ఒకేసారి ఆగితే ముందు ఫ్యూజు చూడాలి.

తమ్ముడు ఫ్యూజు తీసి చూశాడు. లోపల తీగ తెగి ఉంది.

“ఇంతేనా! సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టేస్తా. పైసా ఖర్చు లేదు” అన్నాడు.

“వద్దు! ఫ్యూజు ఎందుకు పోయింది? ఎక్కడో లోపం ఉండబట్టే పోయింది. కాగితం చుడితే అది తెగదు. వైర్లు కాలతాయి. బండి తగలబడితే కిస్తీ ఎవరు కడతారు? బండిలో కూర్చున్నవాళ్ల గతేం కాను?” అంది అక్క.

అక్క ఫ్యూజును చేతిలోకి తీసుకుని చూసింది. దాని మీద 10 అని ఉంది.

“ఇట్లాంటివే, 10 అంకె ఉన్నవే తీసుకురా. 20 అంకె ఉన్నది ఇస్తే తీసుకోకు” అని చెప్పింది.

ఫ్యూజు మీద ఉండే అంకె ఆంపియర్లను చెబుతుంది. ప్లాస్టిక్ ఫ్యూజులకు రంగులు కూడా ఉంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20. గాజు గొట్టం లాంటి పాతరకం ఫ్యూజులకైతే అంకె చివరి లోహపు టోపీ మీద ఉంటుంది. 10 ఉన్నచోట 10 మాత్రమే వేయాలి.

లోపం దొరికింది

కొత్త ఫ్యూజు వేయగానే అది కూడా పోయింది. ఇప్పుడేం చేయాలి? తమ్ముడు బ్యాటరీ వైరు తీశాడు. గడియారం వైర్లు విప్పి, వాటి కొసలకు టేపు చుట్టాడు. ఇంకో ఫ్యూజు వేసి బ్యాటరీ వైరు కలిపాడు. ఈసారి లోపలి లైటు వెలిగింది. ఫ్యూజు పోలేదు. అంటే లోపం గడియారంలోనే ఉంది! ఇప్పుడు కొత్తది కొనడం దండగ కాదు.

గడియారం మార్చే పద్ధతి

1. ముందుగా బ్యాటరీ వైరు తీయాలి. కారు బాడీకి కలిపి ఉన్న వైరునే మొదట తీయాలి. చాలా కార్లలో అది మైనస్ వైరు. మొదట ప్లస్ వైపు విప్పితే, పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

2. గడియారాన్ని బలంగా లాగకూడదు. స్క్రూలు, క్లిప్పులు ఎక్కడున్నాయో చూసి విప్పాలి.

3. ఏ వైరు ఎక్కడిదో రాసుకోవాలి. అక్క మూడు కాగితం ముక్కల మీద “కరెంటు”, “బాడీ”, “లైటు” అని రాసింది. ఒక్కో వైరుకు ఒక్కోటి అంటించింది. లైటు వైరు రాత్రిపూట గడియారంలో చిన్న బల్బు వెలిగిస్తుంది.

4. కొత్త గడియారం 12 వోల్టులదే కావాలి. కొన్ని బస్సులు, లారీలు 24 వోల్టులతో నడుస్తాయి. వాటి గడియారం కారుకు పనికిరాదు. పాత గడియారాన్ని కొట్టుకు తీసుకెళ్లి సైజు సరిచూసుకోవాలి.

5. ప్లస్, మైనస్ గుర్తులు చూసి వైర్లు కలపాలి. వైరు కొస ఎక్కడా బయటికి కనబడకూడదు. బాడీకి కలిసే బ్యాటరీ వైరును అన్నిటికన్నా చివర బిగించాలి.

అంబాసిడర్, మారుతీ 800 కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అట్లాంటి బండ్లకు పాత సామాన్ల కొట్లలో వెతకాల్సి రావచ్చు. పాత గడియారం కొనేముందు కొట్టులోనే 12 వోల్టుల బ్యాటరీకి కలిపి నడుస్తుందో లేదో చూపించమని అడగాలి.

ఎయిర్ బ్యాగులున్న కార్ల డాష్‌బోర్డు మాత్రం సొంతంగా విప్పకూడదు. ఆ పని మెకానిక్‌కే ఇవ్వాలి.

ఆ రాత్రి అక్క లెక్క రాసింది: ఫ్యూజులు రెండు, గడియారం ఒకటి. ముందే గడియారం కొని, వెండి కాగితం చుట్టి ఉంటే? ఆ నష్టం ఏ పుస్తకంలో రాయాలి?

చర్చించండి

1. ఫ్యూజు పోయినచోట వెండి కాగితం ఎందుకు చుట్టకూడదు?

2. లోపం గడియారంలోనే ఉందని వాళ్లు ఎట్లా తెలుసుకున్నారు?

3. మీ ఇంట్లో ఫ్యూజు పోతే ఏం చేస్తున్నారు? అందులో ఏ తీగ వేశారు?

4. ఏదైనా వస్తువు పాడైతే, కొత్తది కొనేముందు ఏమేం చూడాలి?

చేసి చూడండి

గోడ గడియారంలోని సెల్ తీయండి. దాని మీద 1.5 అంకె ఎక్కడుందో చూడండి. ప్లస్, మైనస్ గుర్తులు వెతకండి. సెల్‌ను మళ్లీ సరిగ్గా పెట్టి, టైము సరిచేయండి.