ఊరుకోవడం వేరు, కనిపెట్టి ఉండడం వేరు

"క్యాన్సర్ అని తేలాక కూడా ఊరకే కూర్చోమంటారా?" ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న కొందరికి "ఇప్పుడే ఆపరేషన్ వద్దు, పరీక్షలు చేస్తూ చూద్దాం" అని డాక్టరు చెప్పినప్పుడు ఇంటివారు అడిగే మాట ఇది. వయసు మళ్లిందని వదిలేశారేమో అని కూడా అనుమానపడతారు. ఆ భయం సహజమే, కాని సంగతి అది కాదు.

ఎందుకు ఆగుతారు?

ప్రొస్టేట్ మగవారిలో మూత్రాశయం క్రింద ఉండే గ్రంథి. అందులో వచ్చే క్యాన్సర్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని త్వరగా ఎముకలకు పాకుతాయి. కొన్ని ఏళ్ల తరబడి గ్రంథి దాటవు. ఆపరేషన్ వల్ల గాని రేడియేషన్ వల్ల గాని మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితంలో ఇబ్బంది వంటివి రావచ్చు. అవసరం లేనప్పుడు అవి ఎందుకు తెచ్చుకోవాలి?

బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ ఇచ్చి, మూడో గుంపును పరీక్షలతో గమనించారు. సుమారు 15 ఏళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఏ గుంపులోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ఇద్దరు ముగ్గురే. అయితే క్యాన్సర్ ఇతర భాగాలకు పాకడం గమనించిన గుంపులో నూటికి 9 మందిలో, మిగతా గుంపుల్లో 5గురిలో కనిపించింది. గమనించిన గుంపులో నూటికి 61 మంది తరువాత చికిత్స తీసుకున్నారు.

ఏమి చేస్తారు?

• కొన్ని నెలలకొకసారి పి.ఎస్.ఎ. రక్తపరీక్ష
• డాక్టరు చేతితో పరీక్ష
• అవసరాన్ని బట్టి ఎం.ఆర్.ఐ., మళ్లీ బయాప్సీ

మార్పు కనిపిస్తే చికిత్స మొదలుపెడతారు. క్యాన్సర్ తీవ్రమైన రకమైతే, లేదా అప్పటికే పాకి ఉంటే ఈ పద్ధతి తగదు.

రెండు ప్రమాదాలు

మొదటి ఏడాది భయం ఎక్కువ. ప్రతి పరీక్షకు ముందు నిద్ర పట్టదు. ఆ దిగులు భరించలేకపోతే డాక్టరుతో చెప్పండి. చికిత్స కోరుకోవడం పిరికితనం కాదు.

రెండో ప్రమాదం మరింత పెద్దది. "ఒంట్లో బాగానే ఉంది కదా" అని పరీక్షలు మానేయడం. ఈ క్యాన్సర్ ముదిరేవరకు నొప్పి తెలియకపోవచ్చు. పరీక్షకు రాకపోతే అది కనిపెట్టి ఉండడం కాదు, ఊరుకోవడమే.

డాక్టరును అడగండి: నా గ్లీసన్ స్కోరు ఎంత? తరువాతి పరీక్ష ఎప్పుడు? ఏ మార్పు వస్తే చికిత్స మొదలుపెడతారు? జవాబులు వినడానికి భార్యనో, పిల్లలనో వెంట తీసుకురండి. తరువాతి తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.