గురికాండ్రు, వారి లెక్కలు

యుద్ధమున దూరముగా దాగియుండి, ఒక్కొక్క తూటాతో ఒక్కొక్కరిని పడగొట్టు గురికాని స్నైపర్ అందురు. ఈ మాటకు పుట్టినిల్లు మన దేశమే. ఉల్లంకిపిట్టకు ఆంగ్లమున స్నైప్ అని పేరు. వంకరటింకరగా ఎగురు ఆ పిట్టను కొట్టుట కష్టము. 18వ శతాబ్దిలో ఇచ్చటి ఆంగ్ల సైనికాధికారుల వేటనుండి ఈ పదము వచ్చినది.

1939-40 శీతకాల యుద్ధమున ఫిన్లాండు సైనికుడు సిమో హైహా ఐదువందల మందికి పైగా కూల్చెనని చెప్పుదురు. సోవియట్ వనిత ల్యుద్మిలా పావ్లిచెంకో లెక్క 309. ప్రక్కనున్నవారు చూచి సాక్ష్యమిచ్చినదే సాధారణముగా ధ్రువపడిన లెక్క. మంచులో, పొగలో ఆ సాక్ష్యమెంత గట్టిదో పాఠకులే ఊహింపవచ్చును. హైహా సంఖ్యపై చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను చేజిక్కించుకొనినది. నెల తిరుగగనే, సెప్టెంబరు 24న, దామనపల్లి కనుమలో మాటువేసినది. ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారులను కూల్చినది. ఇరుకు దారిలో ఎదుటికి వచ్చిన మొదటివానిని కాల్చుటయే సులువు. ఆ సులువును ఆనాటి గిరిజన వీరులు కోరలేదు. హైహా పద్దువలె లెక్కించిన ఇది రెండే. మేమైతే విడిచిపెట్టిన సిపాయిలను గూడ గురికాని పద్దులోనే వ్రాయుదుము.

ఆ అధికారుల సమాధులు మన కె. కోటపాడు ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, నర్సీపట్నమున గలవు.